దేవదానం నాలుక మీద ఒట్టు

ఏలూరు నుంచి ఆకివీడు దాకా ఎవరినైనా అడగండి. కొల్లేరు ఒక ఏడాది ఎండిపోయింది ఎండలకు కాదు, దేవదానం గారు తాగేయడం వల్ల. ఆ పూట ఆయనకు కల్లు దొరకలేదు. లంక ఒడ్డున బోర్లా పడుకుని మూతి నీళ్ళకు ఆనించాడు. లేచి తేన్చేసరికి బాతులు బురదలో నడుస్తున్నాయి. నేను కళ్ళారా చూశాను. అప్పటికి నేను పుట్టలేదన్నది వేరే సంగతి. రెండో ఫారంలోనే బడికి సెలవిచ్చినవాణ్ణి, నాకు తేదీలతో పేచీ లేదు.

ఆయన మా లంకలో కల్లుగీత మనిషి. లొట్టిలో, అంటే కల్లు కుండలో, వేలు ముంచి నాలుకకు రాసుకుంటే చాలు, అది ఏ చెట్టుదో, ఏ పూట దించిందో, బాలింతకు పోయవచ్చో, చావింటికి పంపవచ్చో చెప్పేవాడు. మా వైపు పెళ్ళిమాట కుదిరినా, చేపల మడుగు తగాదా తెగినా, ఇరువైపులవాళ్ళూ ఒకే తాటాకు డొప్పలో తాగాలి. పోసినవాడి ఎదుట పుచ్చుకున్నవాడు ముందు ఒక గుక్క మింగాలి. మింగకపోతే, నీ చేతిలో విషం ఉందని మొహం మీద అన్నట్టే.

అలాంటి మనిషి పంతొమ్మిది వందల ముప్పై రెండులో బాప్తిస్మం తీసుకుని, గుడి నిండా జనం ముందు "కల్లు నా నాలుక తాకదు" అని ఒట్టు పెట్టాడు. చెట్టెక్కే మోకూ, గీత కత్తీ వరసకు అల్లుడైన తాతాజీకి ఇచ్చేశాడు. ఇచ్చి ఊరుకున్నాడా? ప్రతి ఆదివారం తాతాజీ ఎక్కిన చెట్టు కింద నిలబడి నరకం గురించి చెప్పేవాడు.

"నరకం కిందుంటుందన్నారు గదా మామా," అనేవాడు తాతాజీ పైనుంచి. "నాకంటే మీకే దగ్గర."

ముప్పై అయిదు వేసవి. కాలవలు కట్టేసిన నెల. కొల్లేరు నడుమకు ముడుచుకుపోయింది, బావిలో ఉప్పు తేలింది, లంకలోకి కలరా వచ్చింది. మూడు రోజుల్లో నాలుగిళ్ళ తలుపులు మూతపడ్డాయి. అయిదో ఇల్లు దేవదానం గారిది. ఆయన భార్య సలోమికి తెల్లవారుజామున పట్టుకుంది. పొద్దెక్కేసరికి కళ్ళు గుంటలు పడ్డాయి, వేళ్ళ చర్మం నానిన కాగితంలా ముడుచుకుంది. కాచిన నీళ్ళు పడితే బురద వాసనకు మరుక్షణం బయటికి వచ్చేస్తున్నాయి.

"ఏదో ఒకటి లోపల నిలవాలండి," అన్నాడు ఏలూరు నుంచి వచ్చిన టీకాల కాంపౌండరు. "సాయంత్రం దాకా నిలిస్తే ఆశ ఉందండి." అని పక్క లంకకు వెళ్ళిపోయాడు.

ఆ రోజుల్లో శుభ్రంగా, తియ్యగా ఉండి కడుపులో నిలిచేది మా చుట్టుపక్కల ఒక్కటే, సున్నం పూసిన లొట్టిలోకి దిగిన తాటినీరు. సున్నం సరిపోతే అది పులవదు. సరిపోకపోతే అదే ఎండకు తిరిగి కల్లవుతుంది.

దేవదానం గారు తాతాజీ పాక ముందు నిలబడ్డాడు.

"సున్నపు లొట్టి ఒకటియ్యి తాతాజీ. మీ అత్తకి."

"నా కుండలు సైతాను కుండలన్నారు గదా మామా?"

"అన్నాను."

తాతాజీ మరి దెప్పలేదు. లొట్టి తెచ్చి, డొప్పలోకి ఒంపి చాచాడు. "ఈ ఎండకి ఏది తిరిగిందో నాకే తెలీట్లేదండి. ఒక గుక్క చూసి పట్టుకెళ్ళండి."

దేవదానం గారు డొప్పను నేల మీద ఒంపేశాడు. "ఒట్టురా."

తాతాజీ మొహం మాడిపోయింది. "మీ ఇష్టం," అని లోపలికి పోయాడు.

దేవదానం గారు లొట్టి అందుకున్నాడు గానీ వేలు ముంచలేదు. వాసన కూడా శోధనేనని ముక్కు పక్కకు తిప్పుకున్నాడు. ఇంటికి వెళ్ళి సలోమి తల ఒళ్ళో పెట్టుకుని, చెంచాతో పోశాడు. అది పులిసిపోయింది. నాలుగో చెంచాకు ఆమె మెలికలు తిరిగి, లోపల మిగిలిన కాస్తా కక్కేసింది. దాహమని అనబోయింది. పెదవులే కదిలాయి.

అప్పుడు పరిగెత్తాడు చూడండి! ఆ గాలికి గట్టు మీద కొంగలు పడిపోయాయి. తాతాజీ పాకలోకి దూరి వరసగా లొట్లకు నోరు పెట్టాడు. మింగడం, తోసేయడం, ఇంకొకటి. పులుపు. మళ్ళీ పులుపు. గుమ్మం దగ్గర చేరిన జనంలో నేనూ ఉన్నాను.

"ఒట్టు ఏమైందండీ, దేవదానం గారూ?" అన్నాడొకడు.

"నోర్ముయ్యండెహె," అని తాతాజీ వాణ్ణి బయటికి నెట్టి, తనే ఒక్కో లొట్టీ ఎత్తి ఆయన నోటికి అందించాడు. గడ్డం మీంచి నురగా కన్నీళ్ళూ కలిసి కారుతున్నాయి. నలభయ్యో లొట్టి తియ్యగా తగిలింది. నలభైకి తక్కువైతే నేను రాయను. దాన్ని గుండెలకు హత్తుకుని ఎండలో పడి ఇంటికి పరిగెత్తాడు.

సలోమి మూడు డొప్పలు తాగి, లేచి కూర్చుని, కొరమీను పులుసు అడిగిందని ఇక్కడ రాశాను. పోయిన వారం దేవదానం గారికే చదివి వినిపించాను. వల అల్లుతూ చివరిదాకా విన్నాడు.

"మూడో లొట్టి బాబూ, నలభయ్యోది కాదు. పట్టుకెళ్ళేసరికి సలోమి పోయింది."