డ్రాగన్ చచ్చిపోయిన బంద్ రోజు

మొన్న దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద ఒక పైరసీ పుస్తకం తెరవగానే ఆ చవక ఇంకు వాసన నన్ను ఎల్బీనగర్‌లోని మా పాత అద్దె ఇంటి మెట్ల మీద కూర్చోబెట్టింది.

ఆ రోజు తెలంగాణ బంద్. బడి లేదు. ప్రాణంగా చదివే డ్రాగన్ల సిరీస్‌లో కొత్త పుస్తకం పూర్తిచేశాను. చివరి పేజీలో డ్రాగన్ చచ్చిపోయింది. మొదటి పుస్తకం నుంచీ నాతో ఉన్న డ్రాగన్! నమ్మలేక ఆ పేజీ మళ్లీ చదివాను. మళ్లీ చచ్చిపోయింది. కళ్లమ్మట నీళ్లు ఆగలేదు.

జై తెలంగాణ ర్యాలీ నుంచి అప్పుడే వచ్చిన ఓనర్ ఆంటీ నన్ను చూసి గేటు దగ్గరే ఆగిపోయింది.

"ఏమైంది బిడ్డా? ఆంధ్రోళ్లని ఎవడన్న ఏమన్న అన్నడా? చెప్పు, వాని సంగతి నేను జూస్త!"

ఆ మాటకి అమ్మ లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది. "ఎవరేమన్నార్రా? మనల్ని గుంటూరు వెళ్లిపొమ్మన్నారా?"

నేను పుస్తకం చూపించాను. "డ్రాగన్ చచ్చిపోయిందమ్మా."

ఆంటీ పకపకా నవ్వింది. అమ్మ కూడా నవ్వబోయింది. అంతలోనే ఆంటీ భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

అమ్మ కూడా డ్రాగన్ కోసమే ఏడ్చిందని చాలా ఏళ్లు అనుకున్నాను.