గట్టిపిండానికి సూది ఎందుకు

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఏళ్ల తరబడి ఆమె ఆవిరిలో ఆవిరిగా బతికింది. ఎవరైనా పలకరిస్తే అది పని చెప్పడానికే. కిందటి చలికాలంలో అంటురోగం ఆమె ఊపిరితిత్తులను పిండి విడిచిపెట్టింది. ప్రాణం దక్కింది, మెట్లెక్కితే ఆయాసం మిగిలింది. తిరిగి పనిలో చేరిన నాడు మేస్త్రి అందరి ముందూ చప్పట్లు కొట్టి, "వచ్చిందిరా మన గట్టిపిండం!" అన్నాడు.

ఆ బిరుదు వెంట ఒక విధి కూడా వచ్చింది. అంటురోగుల వార్డు నుంచి ఎర్రసంచుల్లో వచ్చే దుప్పట్లను విప్పి, దులిపి, యంత్రంలో వేయడం అంతవరకూ వంతులవారీగా సాగేది. ఇకమీదట అది ఆమె ఒక్కతెకే దఖలు పడింది. ఒకసారి వచ్చిపోయినవారికి మళ్లీ రాదని అక్కడివారి నమ్మకం. అది వారికి ఎంత సుఖకరమో అంత దృఢమైనది. ఆమెకు మాస్కు సైతం దండగని తేల్చారు. అందుకు బదులుగా మొదటి టీ ఆమెకిచ్చారు, కిటికీ పక్క స్టూలు ఆమెకు వదిలారు. అంతవరకూ ఆమె కోసం ఎవరూ లేచి చోటిచ్చినది లేదు. స్తోత్రానికి దేవతలే లొంగుతారని పురాణాలు ఘోషిస్తుండగా, ఈ అల్పప్రాణి ఏపాటిది?

ఆయాసం చూపించుకోబోతే వైద్యురాలు గట్టిగానే చెప్పింది. "తగ్గింది కదా అని ఊరుకోకండి. టీకా వేయించుకోండి. మళ్లీ వస్తే మీ ఊపిరితిత్తులు తట్టుకోలేవు."

ఇంట్లో తమ్ముడు కూడా అదే అన్నాడు. "వేయించుకో అక్కా. నువ్వు మళ్లీ మంచాన పడితే మా వల్ల కాదు. కిందటిసారే నీ మరదలు పుట్టింటికి పోతానంది."

టీకాలు వేసేవారు లాండ్రీకే వచ్చిన రోజున ఆమె వదులు చేతుల చొక్కా తొడుక్కుని, చెయ్యి పైకి మడిచి వరుసలో నిలబడింది. ముందున్న ఇస్త్రీ పిల్ల వెనక్కి తిరిగి చూసింది.

"ఇదేంటక్కా, నువ్వూ లైన్లోనా?"

"డాక్టరమ్మ వేయించుకోమందే."

"నీకెందుకక్కా! నీ ఒంట్లోకి దిగితే ఆ సూదికే జ్వరమొస్తుంది!"

అందరూ విరగబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది, నవ్వు దగ్గుగా మారింది, దానికీ నవ్వారు.

మేస్త్రి మాత్రం నవ్వలేదు. "వేయించుకోవమ్మా, ఎవరొద్దన్నారు? కాకపోతే నువ్వూ మాలాంటిదానివే అన్నమాట. రేపట్నుంచి ఎర్రసంచులు మళ్లీ వంతులే."

ఇస్త్రీ పిల్ల గొంతు మారింది. "నేను పిల్లలున్నదాన్ని. నువ్వంటే ఒంటిదానివి. ఇంత స్వార్థం పనికిరాదక్కా."

మీరూ టీకా వేయించుకుంటున్నారు గదా, ఇక సంచులంటే భయమెందుకని ఆమె అడిగి ఉండవచ్చు. ఎదురడగడం ఆమె ఎరగని విద్య. అంతలో పెరట్లో ఎర్రసంచులు తెచ్చే వార్డు బండి హారన్ మోగింది. అన్ని కళ్లూ ఆమె మీదే నిలిచాయి. ఆమె మడిచిన చొక్కా చేతిని కిందికి దించుకుంది.

"నాకెందుకులే, మీరు కానివ్వండి."

"అదీ మా అక్కంటే!" అని వెనకనుంచి కేకలేశారు. అవి వినబడినంతసేపూ ఆమెకు ఊపిరి తేలికగానే ఆడింది.

టీకా వేసే అమ్మాయి తలెత్తి, "ఆవిడకో?" అంది.

"ఆవిడకి వచ్చిపోయిందండీ," అంది ఇస్త్రీ పిల్ల.

"వచ్చిపోయినవాళ్లూ వేయించుకోవాలి. పిలవండి."

"ఇష్టం లేదంట," అన్నాడు మేస్త్రి. ఆ అమ్మాయి పెట్టె మూసింది.

వానలు మొదలయ్యేసరికి రోగం తిరిగి వచ్చింది. ఆమె మూతికి ఆక్సిజన్ గొట్టం తగిలించారు. మేస్త్రి ఫోన్ చేస్తే నర్సు దాన్ని ఆమె చెవి దగ్గర పట్టుకుంది.

"భయపడకు. రెండుసార్లు వచ్చినవాళ్లకి ఇంక జన్మలో రాదు. ఇక్కడ పని పేరుకుపోతోంది, తొందరగా వచ్చెయ్యి."

ఆమె తల ఊపింది. అది ఫోన్లో కనబడదు గనుక మేస్త్రి విసుక్కుని పెట్టేశాడు. తరువాత ఆమె నర్సు చెయ్యి పట్టుకుని, మాట మాటకూ ఊపిరి కూడదీసుకుంటూ, "ఆ సూది... ఇప్పుడేస్తారా?" అని అడిగింది.

"ఇప్పుడు వెయ్యకూడదమ్మా. తగ్గాక."

ఆమెకు తగ్గలేదు.