ఎండాకాలంలో వేడినీళ్ళ కుళాయి

ఎనభైల్లో దుబాయ్‌లో ఇంటిపనికి కుదిరాను. మే నెల వచ్చిందంటే ఆ ఇంట్లో చన్నీళ్ళ కుళాయి తిప్పితే చెయ్యి కాలేది. మేడ మీది ట్యాంకు పొద్దస్తమానం ఎండలో కాగేది మరి! అంట్లు తోమేది నేను, మేడం పసిదానికి నీళ్ళు పోసేదీ నేనే.

ప్లంబరు రెండుసార్లు వచ్చాడు. ఒకసారి కుళాయి మార్చాడు, ఇంకోసారి ట్యాంకు మీద గోనెసంచులు కప్పాడు. నీళ్ళు మాత్రం అలాగే పొగలు కక్కుతూ వచ్చాయి. మేడం మళ్ళీ అతన్నే పిలుస్తానంటే నాకు ఒళ్ళు మండింది. వెళ్ళి బాత్‌రూములో ఎప్పుడూ వేసే ఉండే గీజరు స్విచ్చి కట్టేశాను. ఆవిడ వేసింది. నేను మళ్ళీ కట్టేశాను. "పిచ్చా నీకు?" అని అరబీలో అరిచింది. పిచ్చే అనుకోమని తెలుగులో గొణిగి, స్విచ్చికి అడ్డంగా నిలబడ్డాను. గీజరు ఇంట్లో, ఏసీ చల్లదనంలో ఉంది. దానికి ఎండ తగలదు. కాచకుండా వదిలేస్తే అందులో నీళ్ళు చల్లారక ఏం చేస్తాయి?

మర్నాడు ప్లంబరు వచ్చాడు. ఎర్రచుక్క ఉన్న వేడినీళ్ళ కుళాయి తిప్పి, చెయ్యి పెట్టి చూడమన్నాను. బావినీళ్ళలా చల్లగా వచ్చాయి.

"ఈ పని నీకెవరు నేర్పారు?" అని హిందీలో అడిగాడు.

నా రెండు చేతులూ అతని ముందు చాపాను.

"ఇన్ని బొబ్బలెక్కాక ఇంకొకళ్ళు నేర్పాలా?"