హెంప్ గింజలూ, అక్క చేపల తట్టా

మా అక్క గంజాయి తిని లేచి తిరుగుతోందని భీమునిపట్నం ఒడ్డున ఇప్పటికీ నవ్వుకుంటారు. నవ్వుకోనీ. కాని ఆ మాట విని రేపు నీరసంగా ఉన్న ఇంకొకావిడ మంచి తిండికి భయపడకూడదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేస్తాను. బడి చదువు పదితో ఆగింది. మిగతాదంతా లైబ్రరీలో నేర్చుకున్నదే, ఆ సంగతి గర్వంగానే చెబుతాను.

అక్క చేపలమ్ముతుంది. వేసవిలో సముద్రంలో చేపల వేట నిషేధానికి ముందు ఆమెకు కడుపులో ఆపరేషన్ అయింది. గట్టెక్కితే ఏడాదిపాటు నీచు తిననని మొక్కుకుంది. గుడ్డు కూడా నీచు కిందే లెక్క. డాక్టరమ్మేమో మాంసకృత్తులు బాగా తినమంది. పాలు అక్కకు పడవు, పప్పు కాస్త ఎక్కువైతే కడుపుబ్బరం. పడవలు మళ్ళీ సముద్రంలోకి దిగేనాటికి తట్ట నెత్తికెత్తుకోవాలని ఆమె పంతం.

"నాను తట్టెత్తకపోతే నా బేరాలన్నీ ఇంకొకర్తి పట్టుకుపోద్ది తమ్ముడా," అంది.

ఆ ఆదివారం లైబ్రరీలో ఆహారం మీద పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. హెంప్ గింజల సంగతి అక్కడే దొరికింది. మన శరీరం సొంతంగా తయారుచేసుకోలేని అమైనో ఆమ్లాలన్నీ వాటిలో ఉంటాయట. ఆ ఆమ్లాల్లో ఒకటి మాత్రం కాస్త తక్కువ, అది పప్పులో దండిగా ఉంటుంది కనుక రెండూ కలిపి తింటే సరిపోతుంది. పైగా తేలిగ్గా అరుగుతాయి, మంచి నూనె, ఇనుము కూడా ఉంటాయి. మొక్క గంజాయి కుటుంబానిదే గాని గింజల్లో మత్తు ఉండదు. డాక్టరమ్మను అడిగి, సరేనన్నాకే చిరుధాన్యాల కొట్లో పొట్టు తీసిన గింజల పొట్లం కొన్నాను.

పొట్లం చూసి బావ గుమ్మంలోనే ఆపాడు.

"ఏటి బామ్మర్దీ, మీ అక్కకి గంజాయి పెడతన్నావేటి? పోలీసులొత్తే నీ లైబ్రరీ ఒచ్చి బెయిలిత్తాదా?"

పొట్లం మీద ప్రభుత్వ అనుమతి ముద్ర చూపించాను. నమ్మలేదు. గుప్పెడు నోట్లో పోసుకుని అరుగు మీద కూర్చున్నాడు. చాలాసేపటికి లోపలికొచ్చి, "ఏటీ ఎక్కట్నేదు," అన్నాడు దిగులుగా. ఆపరేషన్ తర్వాత అక్క నవ్వడం అదే మొదలు. కుట్లు లాగుతాయని పొట్ట పట్టుకుని మరీ నవ్వింది.

అయితే మా ఇళ్ళలో ఏ గింజైనా నువ్వుల్లా చిటపటలాడేదాకా వేయించి, బెల్లం వేసి దంచాల్సిందే. అక్క అదే చేసింది. ఉండలు చేదెక్కి, కాకి కూడా వాసన చూసి పోయింది. మళ్ళీ పుస్తకం తిరగేస్తే, ఎక్కువ వేడికి ఆ నూనె పాడవుతుందని ఉంది. అప్పట్నుంచి పచ్చి గింజలనే పొడి చేసి, గోరువెచ్చటి చోడి అంబలిలో, అంటే రాగి జావలో, కలుపుకుంది. పక్కన కొంచెం పప్పు. అన్నీ గింజల పుణ్యమేనని నేననను. మందులున్నాయి, విశ్రాంతి ఉంది. కాని ఆకలి పెరిగింది, ముఖం తేరుకుంది.

పడవలు తిరిగొచ్చిన మొదటి ఉదయం, డాక్టరమ్మ ఒప్పుకున్నంత మేరకే, అక్క సగం తట్ట చేపలు నెత్తికెత్తుకుంది. బావ చెయ్యి అడ్డం పెట్టబోతే కసిరింది. బజారు చేరకముందే తట్ట ఖాళీ.

ఓపిగ్గా పుస్తకాలు వెతికిచ్చిన లైబ్రరీ అమ్మగారికి, విసుక్కోకుండా జవాబు చెప్పిన డాక్టరమ్మకు, చోళ్ళు విసిరిపెట్టిన పక్కింటి పిన్నికి, ఆ ఉదయం సగం తట్టైనా సరే అక్క దగ్గరే కొన్న పాత బేరగాళ్ళకు, అందరికంటే ముందు గింజలు తిని చూసిన మా బావకు దండాలు.