సెలవు జీతానికి వెళ్లిన రోజు

మొన్న మా కోడలు ఉద్యోగం మారింది. పాత ఆఫీసులో వాడుకోకుండా మిగిలిపోయిన సెలవులకు జీతం బ్యాంకులో పడిందని ఫోను చూసి చెప్పి, మళ్లీ కూర తరుక్కోవడంలో పడిపోయింది. నాకు మాత్రం ఆ మాట వినగానే పాత భయం గుర్తొచ్చింది. ఎందుకో నా ఈడువాళ్లకైతే చెప్పనక్కర్లేదు.

యాభైల చివర్లో జగ్గయ్యపేటలో ఒక వేరుశనగ నూనె మిల్లు ఆఫీసులో రెండేళ్లు రాతపని చేశాను. మా నాన్న అదే మిల్లులో బాయిలరు దగ్గర మంట చూసేవాడు. స్కూలు ఫైనలు ప్యాసైన ఆడపిల్ల ఆఫీసులో కూర్చోవడం మా వీధికి వింత గనుక, ఆ వింత చెడకూడదని జ్వరమొచ్చినా మానేదాన్ని కాదు. తరువాత నందిగామలో టీచరు ఉద్యోగం వచ్చి మిల్లు వదిలేశాను. గేటు దగ్గర తగిలించే నిబంధనల కాగితం నా చేతిరాతే కాబట్టి, మానేసినవాళ్లకు మిగిలిన సెలవుల జీతం ఇవ్వాలని నాకు తెలుసు. నందిగామలో గది అద్దె ముందుగా కట్టమని ఇంటి యజమానురాలు రోజూ అడుగుతోంది. అయినా వెళ్లి అడగాలంటే భయం. అంతకుముందు ఏడు ఇలాగే ఏదో అడిగిన ఒక కూలీని మర్నాటి నుంచి గేటులోకి రానివ్వలేదు. మేనేజరుకు కోపమొస్తే అది ఎవరి మీద పడుతుందో తెలియనంత చిన్నపిల్లను కాను.

చివరికి ఒక శనివారం, నాన్నకు కూడా చెప్పకుండా, జగ్గయ్యపేట బస్సెక్కాను. దారిలో చిల్లకల్లు ఊరు దాటేదాకా దిగి వెనక్కి పోదామనే అనుకుంటూ కూర్చున్నాను.

మేనేజరు నా అర్జీ చదివి పక్కన పెట్టి, చాలాసేపు ఏవో కాగితాలు చూసుకున్నాడు. నేను నిలబడే ఉన్నాను. తలెత్తకుండానే అడిగాడు.

"మీ నాన్న ఇంకా మన దగ్గరే చేస్తున్నాడుగా?"

అంతే అన్నాడు. పొరపాటైందని చెప్పి అర్జీ వెనక్కి తీసుకుందామని చెయ్యి చాచేసరికి, గుమ్మంలో మా నాన్న కనిపించాడు. నేను వచ్చానని ఎవరో చెప్పారట. అన్నేళ్లలో ఆ గది గడప తొక్కని మనిషి, మసి కాళ్లతో, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మాయి జొరంలో కూడా పనిలోకొచ్చిందండి. దానికి రావాల్సింది ఇప్పించండి. నా సంగతి తర్వాత చూద్దురుగాని."

మేనేజరు ఆయన వంక చూసి, గుమాస్తాను పిలిచాడు. నేను సంతకం పెట్టి డబ్బు అందుకుని తిరిగి చూసేసరికి నాన్న వెళ్లిపోయాడు.

ఆ తరువాత నెలల తరబడి, జగ్గయ్యపేట నుంచి ఎవరొచ్చినా ముందు వాళ్ల ముఖం చూసి, చెడు కబురు కాదని తేలాకే కుశలం అడిగేదాన్ని. నాన్న వచ్చినప్పుడు అంతా బాగానే ఉందనేవాడు. భుజం మీద ఆ కాయలేమిటని అడిగితే, ఇంటికి కావడితో నీళ్లు మోస్తున్నానన్నాడు. నమ్మాను. ఆయన పోయాక అమ్మ చెప్పింది: నేను వెళ్లొచ్చిన సోమవారం నుంచే ఆయన్ను బాయిలరు దగ్గర్నుంచి తీసేసి బస్తాల మోతకు వేశారట, ఆ మేనేజరు మారేదాకా, ఏడాదిన్నర పాటు, అదే పని చేశాడట.

ఇప్పటి పిల్లలకు రావాల్సింది అడగకుండానే వస్తోంది. మంచిదే, ఆ భయం వాళ్లకెందుకు? కాకపోతే, భయపడుతూనే ఒకరి కోసం ఒకరు ఎంతకు తెగించేవాళ్లమో వాళ్లకు చెప్పబోతే, మాటలు సరిగ్గా కుదరవు.