పడవెక్కి పారిపోయిన చిన్నకొడుకు

సునామీ వచ్చిన ఏడు నేను దూరవిద్యలో తెలుగు ఎం.ఏ. చదువుతున్నాను. మా దీవిలో మిన్నీ బే అనే పేటలో, సముద్రానికి దగ్గరగా, పల్లంలో మా అద్దె ఇల్లు. మా ఆయన దీవుల మధ్య తిరిగే ఓడలో పనిచేసేవారు. నెలలో సగం రోజులు ఇంట్లో నేనూ మా అత్తగారూ మాత్రమే. ఆవిడది శ్రీకాకుళం వైపు. పెళ్లై దీవికొచ్చి నలభై ఏళ్లయినా ఆ యాస పోలేదు, పైన కాస్త హిందీ చేరిందంతే. మోకాళ్లు పట్టేసి, గోడ ఆసరాతో నడిచేది.

ఆ ఆదివారం పొద్దున నేల ఊగినప్పుడు అత్తని పట్టుకుని వాకిట్లోకి తెచ్చాను. ఊపు ఆగాక ఆవిడని వరండాలో మంచం మీద కూర్చోబెట్టి, పగిలిన సీసాలు ఊడవడానికి వంటింట్లోకి వెళ్లాను. కాసేపటికి బయట అరుపులు వినిపించాయి.

"పానీ ఆ రహా హై! భాగో, భాగో!"

వంటింటి పక్క తలుపు తీశాను. సందులోని మురుగుకాలువ నిండి, నీళ్లు మా గడప వైపు వస్తున్నాయి. హోరు లేదు, కెరటం లేదు. కుళాయి కింద బకెట్టు నిండినట్టు, నెమ్మదిగా, ఆగకుండా పైకి వస్తున్నాయి. ఆ తర్వాత నాకు గుర్తున్నది గుట్ట మీదికి పోయే సిమెంటు మెట్లే. పైకి చేరాక పక్కింటి దీదీ నా భుజం పట్టుకుని ఊపింది. "నీ సాస్ ఎక్కడ?"

అప్పుడు తెలిసింది. అత్త కోసం నేను వరండాలోకి వెళ్లలేదు. పిలవనైనా లేదు.

కిందికి దిగడానికి కాళ్లు రాలేదు. దిగాలని అనుకున్నానో లేదో కూడా చెప్పలేను. మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చున్నాను. నీళ్లు తీశాక, మా వీధిలో చేపలమ్మే భయ్యా ఆవిడని వీపు మీద మోసుకుని తెచ్చాడు. మంచం మీద నిలబడి కిటికీ చువ్వలు పట్టుకుందట. అలా నిలబడినా నీళ్లు నడుము దాకా వచ్చాయట. ఆవిడ నన్ను చూసింది. నేనే ముందుగా అన్నాను, చుట్టూ ఉన్నవాళ్లు వినేలా.

"ఎంత పిలిచాను అత్తా! నా వెనకే వస్తున్నావనుకున్నాను."

నాలుగో రోజు ఓడ దిగి వచ్చిన మా ఆయనతోనూ అదే చెప్పాను. ఆవిడ పక్కనే ఉంది. మొహం గోడవైపు తిప్పుకుంది.

సముద్రం కనబడని చోటు కావాలని బతు బస్తీలో ఒక గది చూసుకున్నాం. ఆయన మళ్లీ ఓడెక్కారు. నేల మాత్రం ఊగుతూనే ఉండేది. బల్ల మీద గ్లాసుతో నీళ్లు పెట్టుకుని, అవి కదులుతున్నాయేమోనని ఇద్దరం చూస్తూ కూర్చునేవాళ్లం. లారీ వెళ్లినా లేచి తలుపు దగ్గరికి పోయేదాన్ని. నాకు ఇంకో భయం కూడా ఉండేది. ఈవిడ ఎప్పుడు నోరు తెరుస్తుంది, కొడుకుతో ఏం చెబుతుంది?

ఆ రోజుల్లోనే అసైన్‌మెంటు రాయాల్సి వచ్చింది. పాఠ్యంగా ఉన్నది ఒక పాత నవల. గోదావరి లంకలో ఒక ఉమ్మడి కుటుంబం, వరద, ముసలి తల్లిని ఇంటికప్పు మీద వదిలేసి పడవెక్కి పోయే చిన్నకొడుకు. 'చిన్నకొడుకు పాత్రచిత్రణ, రచయిత శైలి, నేపథ్యం చర్చించండి' అని ప్రశ్న. సునామీకి ముందే చిత్తుప్రతి రాసిపెట్టుకున్నాను. 'ఇతడు పిరికితనానికి నిలువెత్తు రూపం' అని మొదటి వాక్యం. ఆ కాగితం అటక మీది పెట్టెలో, పుస్తకంతో పాటు తడవకుండా మిగిలింది. చూడగానే మడిచి పరుపు కింద పెట్టేశాను.

నేను చదువుతుంటే అత్త అంది. "మనసులో సదూకోకు. పైకి సదువు. నేల సప్పుడు ఇనపడకుండా ఉంటాది."

చదవడం మొదలుపెట్టాను. ఆవిడకి అక్షరం రాదు. కానీ తీర్పు చెప్పేదానిలా, చెయ్యి గడ్డం కింద పెట్టుకుని వినేది. వరద ఘట్టంలో రచయిత గోదావరిని వెయ్యి సింహాల్లా గర్జింపజేశాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఈ రాసినాయన వరద సూడనేదే. మెరక మీద కూకుని రాసినాడు. సప్పుడొస్తే జనం ముందే పోరా?"

కప్పు మీద తల్లి ఒక పేజీ పొడుగు మాట్లాడుతుంది, కులం గురించీ ధర్మం గురించీ. అదంతా విని అత్త పెదవి విరిచింది. "ములిగిపోతున్న ముసల్ది అన్ని మాటలాడతాదా? నానైతే అమ్మో అని కూడా అన్నేదు. సువ్వ పట్టుకున్నాను. అంతే."

ఆ రోజు గురించి ఆవిడ మాట్లాడటం అదే మొదలు. తలనొప్పని పుస్తకం మూసేశాను.

మర్నాడు మధ్యాహ్నం చిన్నకొడుకు పారిపోయే అధ్యాయం వచ్చింది. రెండాకులు కలిపి తిప్పేశాను.

"రెండాకులు తిప్పేసినావు," అంది.

"అతుక్కున్నాయి అత్తా."

"ఊడదీసి సదువు."

చదివాను. అతను తాడు విప్పుతాడు. కన్నీళ్లతో "అమ్మా, అమ్మా" అని పిలుస్తాడు. పడవ కదిలిపోతుంది.

"పిలిసినాడా?"

"రెండుసార్లు."

"జూట్, అబద్దం." ఆవిడ గోడకి చేరబడింది. "పిలిసే బుద్ధున్నోడైతే తాడు ఇప్పడు. రాసినాయనకే ఆడి మీద జాలేసింది. ఆ పిలుపు ఈయన పెట్టినాడు."

నీళ్లు మా గడప వైపు వస్తున్నప్పుడు కూడా అంత భయపడలేదనిపించింది. "నేను పిలవలేదు అత్తా," అన్నాను.

"నాకు కాళ్లు నేవు గానీ సెవులున్నాయి కదే," అంది. "ఇన్నాను ఆ రోజు. ఒక్క పిలుపైనా వస్తాదేమోనని ఇన్నాను. ఎవుల్దో కుక్క ఏడుపు ఇనపడింది. నీ గొంతు నేదు."

ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు.

"నీ వయసులో, నీ కాళ్లుంటే, నానూ పరిగెట్టుదునేమో. నా కోపం దానికి కాదు. నా కొడుకుతో అబద్దం సెప్పినావు. 'పిలిస్తే ఎందుకు రానేదమ్మా' అని ఆడు నన్నడిగినాడు. ఏటి సెప్పను? ఎర్రిదాన్నాగ ఊరుకున్నాను."

అది నాకు ఎప్పుడూ తట్టలేదు. నన్ను నేను కాపాడుకోవడానికి చెప్పిన మాట, తప్పంతా తీసుకెళ్లి ఆవిడ మీద పెట్టింది.

ఆయన ఓడ మీద డిగ్లీపూర్ వెళ్లి వచ్చిన రోజు, చెప్పులు విప్పకముందే చెప్పేశాను. కూర్చున్నాక చెబుదామంటే ధైర్యం చాలదని తెలుసు. ఆయన తల్లివైపు చూశారు. "నిజమేనా?"

"నిజమే. ముందు అన్నం తిను," అంది ఆవిడ.

రెండు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. పుట్టింటికి పంపేస్తారేమో, విశాఖ ఓడ టికెట్ తెస్తారేమోనని, గేటు చప్పుడైనప్పుడల్లా లేచి చూసేదాన్ని. మూడో రోజు తల్లి మంచాన్ని లాగి తలుపు పక్కన వేశారు. నా మంచం దాన్ని ఆనించి వేశారు. "ఇకనుంచి ఇలాగే ఉండాలి," అన్నారు. అంతకు మించి ఆ విషయం ఎత్తలేదు.

పరీక్షలు ఆలస్యంగా జరిగాయి. ఆ నవల మీద ప్రశ్న వచ్చింది, మళ్లీ చిన్నకొడుకు మీదే. అలవాటు కొద్దీ 'పిరికితనానికి' అని మొదలుపెట్టాను. అంతలో బల్ల కదిలింది. హాలంతా లేచింది. కుర్చీలు పడ్డాయి, ఎవరో నా పాదం తొక్కారు. వరసల మధ్య ఠీవిగా తిరుగుతున్న ఇన్విజిలేటర్ అందరికన్నా ముందు మెట్లు దిగారు. ఆయన వెనకే నేను. మైదానంలో నిలబడ్డాం. కదలిక ఆగాక ఒక్కొక్కరం లోపలికి వచ్చాం. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. "రాయండి, రాయండి," అన్నారాయన, కిటికీవైపు చూస్తూ.

రాసిన 'పిరికితనానికి' అన్న మాట కొట్టేశాను. ఈ కొడుకు తల్లిని పిలిచి ఉండడనీ, ఆ పిలుపు రచయితదనీ రాశాను. గర్జించే నది, ఒడ్డున నిలబడినవాడు ఊహించిన నదనీ, భయపడినవాళ్ల మాటలు పొట్టిగా ఉంటాయనీ రాశాను. మార్కులు అత్తెసరుగా వచ్చాయి, పాసయ్యాను.

పరీక్ష రాసిన ఆ సాయంత్రం ఇంటికి రాగానే అత్త అడిగింది. "ఏటి రాసినావు?"

చెప్పాను. అంతా విని తలూపింది. "మరి కప్పు మీద ముసల్ది ఏటయ్యింది? బతికిందా?"

"రచయిత రాయలేదు అత్తా."

"పరీచ్చలో ఆవిడ గురించి అడగరా?"

ఆ మధ్యాహ్నం పరీక్షలో అడిగింది కొడుకు గురించే. పెట్టెలోంచి పాత ప్రశ్నపత్రాలు తీసి తిరగేశాను. వాటిలోనూ అంతే.

"అడగరు," అన్నాను.