చెంప మీది చుక్క

మిత్సుయె ఒసాకాలో ఆ ఆటల కంపెనీలో చేరేనాటికి వీడియో గేముల్లో మనిషంటే పదహారు చుక్కల ఎత్తు, పదహారు చుక్కల వెడల్పు. తల, జుట్టు, బట్టలు, కాళ్లు అన్నీ అందులోనే సర్దుకోవాలి. రంగులు మూడే. ఇప్పటివాళ్లకు చెబితే అయ్యో పాపం అంటారు. ఆవిడనడిగితే మాత్రం అంత సుఖం మళ్లీ ఎరగనంటుంది. గళ్ల కాగితం మీద రంగు పెన్సిళ్లతో గడి గడీ నింపుకుంటూ కూర్చుంటే పొద్దు ఎలా పోయేదో తెలిసేది కాదు.

వాళ్ల గదిలో ఒక అలవాటుండేది. గీసిన బొమ్మను పనిచేసే తెర మీద చూసి ఎవరూ సరేననేవారు కాదు. మూలనున్న పాత డబ్బా టీవీలో వేసి, గుమ్మం దాకా వెనక్కి నడిచి, కళ్లు చికిలించి చూడాల్సిందే. జనం ఇళ్లలో ఉన్నవి ఆ టీవీలే మరి. వాటిలో ఒక చుక్క రంగు పక్క చుక్కలోకి కాస్త కారి కలిసిపోతుంది. ఆ కారడాన్ని ముందే మనసులో పెట్టుకుని గీయగలిగితేనే పని వచ్చినట్టు.

ఆటలో దెబ్బలు తిని వచ్చిన వీరుడికి అన్నం ముద్ద పెట్టి పంపే టీకొట్టు ముసలమ్మను గీయడం మిత్సుయె వంతుకొచ్చింది. వేరెవరినో ఊహించుకోవడమెందుకని తల్లినే గీసేసింది. తల్లి తొమెకు ఆ ఊళ్లోనే తైషో పేటలో ఒకోనొమియాకి అట్ల కొట్టు. పెనం ముందు నిలబడి వచ్చినవాణ్ణల్లా తిట్టేది, తిట్టినవాడికే సాస్ రెండింతలు పోసేది. నవ్వితే ముందు ఎడమ చెంప లేచేది, మిగతా మొహం తీరిగ్గా దాని వెనకాల వచ్చేది. బొమ్మలో నోటికి చోటు లేదు. అందుకని మిత్సుయె కిమోనోకు వాడిన గోధుమరంగే తీసుకుని ఎడమ కంటి కింద ఒకే ఒక్క చుక్క పెట్టింది.

పై అధికారి ఒకుదా అది చూసి, ముసలమ్మ మొహానికి ఏదో అంటుకుంది, తుడిచెయ్యమన్నాడు. మిత్సుయె ఆయన్ని గుమ్మం దాకా నడిపించుకెళ్లి టీవీ వైపు తిప్పింది. ఆయన కళ్లు చికిలించి కాసేపు చూశాడు.

"నవ్వుతోందే ఈవిడ," అన్నాడు. ఆ చుక్క జోలికి మళ్లీ పోలేదు.

ఆట బజార్లోకి వచ్చాక కొట్లో టీవీకి తగిలించి చూపిస్తే, "ఇంత పొట్టిదాన్ని చేశావేంటే, నీ దుంప తెగ," అంది తొమె. ఆ వారమంతా తినడానికి వచ్చినవాళ్లకు అట్టు తర్వాత, ముందు బొమ్మ.

తొమె పోయాక కొట్టు మూతపడింది. బెంగ పుట్టినప్పుడల్లా మిత్సుయె ఆ ఆట పెట్టుకుని, వీరుణ్ణి టీకొట్టు దాకా నడిపించి, అక్కడే నిలబెట్టి చూస్తూ కూర్చునేది. కొన్నేళ్లకు డబ్బా టీవీ పాడై గోడకానే పల్చటి టీవీ వచ్చింది. అందులో చుక్కలు దేనికది విడిగా, కత్తితో కోసినట్టు నిలబడ్డాయి. చెంప లేవలేదు, నవ్వు పోయింది. ఆవిడ ఆట తీసి అటక మీద పెట్టేసింది. అమ్మ రెండోసారి పోయినట్టనిపించింది.

అందుకే పాత ఆటను అచ్చం మనుషుల్లాంటి బొమ్మలతో మళ్లీ చేస్తున్నామని, ఒకసారి వచ్చి చూడమని కంపెనీవాళ్లు పిలిస్తే ఆవిడ మర్నాడే బయల్దేరింది. అమ్మ నవ్వు మళ్లీ చూడొచ్చు.

బొమ్మ చేసినవాడు నిషివాకి. పాతికేళ్లవాడు, పుట్టి బుద్ధెరిగాక పల్చటి టీవీలే చూసినవాడు. తెర మీద ముసలమ్మ తల తిప్పింది. ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. ముడతలు, కనురెప్పల తడి, కిమోనో నేతలో పోగులు సైతం ఉన్నాయి. ఎడమ కంటి కింద గోధుమరంగు పుట్టుమచ్చ ఉంది. నవ్వు లేదు.

"ఈ మచ్చెక్కడిది నాయనా?"

"మీరు పెట్టిందేనండీ. పాత బొమ్మని పెద్దది చేసి చూశా, ఒక్క చుక్క కూడా వదల్లేదు."

వాడి మొహంలో గర్వం చూసి ఆవిడకు కోపం కూడా రాలేదు. డబ్బా టీవీ సంగతి, గుమ్మం సంగతి, తల్లి సంగతి మెల్లగా చెప్పింది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. వంగి వంగి క్షమాపణ చెప్పి, మచ్చ తీసేసి, అమ్మగారు నవ్వుతున్న ఫొటో ఒకటి ఇప్పించమన్నాడు.

ఫొటోలకేం, బోలెడున్నాయి. ఒక్కదాంట్లోనూ నవ్వు లేదు. కెమెరా చూస్తే తొమె బిగుసుకుపోయేది. తప్పక నవ్వొస్తే ఆ కాలం ఆడవాళ్లందరిలాగే చేత్తో మొహం సగం కప్పేసుకునేది. ఆ నవ్వు ఆ చుక్కలో తప్ప లోకంలో ఎక్కడా లేదని మిత్సుయెకు అప్పుడు తట్టింది.

"ఇదిగో, ఇలా నవ్వేదయ్యా," అంటూ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి చూపించబోయింది. ముందు ఏడుపొచ్చింది. తన అవస్థ తనకే తమాషాగా తోచి, నిజంగానే నవ్వొచ్చేసింది.

నిషివాకి తెర వైపు చూడటం మానేశాడు.

"మీ ఎడమ చెంప," అన్నాడు నెమ్మదిగా, "ముందు అదే లేచిందండీ."

అద్దంలో చూసుకుంటూ ఎవరు నవ్వుతారు గనక. ఇన్నేళ్లూ ఆవిడకు తెలియనే లేదు.

"నవ్వు ఆపకండి, చూసి చేసేస్తా," అన్నాడు వాడు పనిలో పడిపోతూ. మిత్సుయె వేళ్ల మీదుగా కన్నీళ్లు కారుతున్నా, నవ్వుతూనే కూర్చుంది.